మామ బీదరులో కొన్న టైపు మిషన్

నాన్న పోయాక ఆయన పనిచేసిన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చారని ఊరంతా అనుకుంది గానీ, ఆ ఇచ్చిన కాగితం చివర ఒక షరతు కూడా ఉంది. తెలుగు టైపు లోయర్ పరీక్ష పాసైతేనే ఉద్యోగం నిలుస్తుంది, గడువులోగా కాకపోతే ఇంటికి పోవలసిందే. ఆ ఇల్లు కూడా నా జీతం వస్తేనే మాకు ఇల్లు. జహీరాబాదులో మేము అద్దెకున్న రెండు గదుల్లో అప్పటికి మిగిలింది అమ్మా, నేనూ. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టి రోజూ దండం పెట్టుకునేది. నేను మాత్రం దాన్ని ఎప్పుడు తీసి చదివినా చివరి వాక్యమే చదివేదాన్ని.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. ఆఫీసుల్లో పనంతా తెలుగులోనే జరగాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. వాటితోపాటు తెలుగు మిషన్లు మాత్రం రాలేదు. మా ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు మిషన్, దాన్ని కూడా పెద్ద టైపిస్టుగారు ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. అన్నానికి పోతూ దానికి మూత వేసి, మూతకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేవారు. తెలుగు కాగితాలన్నీ నేను చేత్తో రాసేదాన్ని. ఊళ్ళో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉండేది, అక్కడ కూడా ఇంగ్లీషే. తెలుగు కావాలంటే సంగారెడ్డికో హైదరాబాదుకో పోవాలి. పొద్దంతా ఆఫీసు చేసుకుని ఇక ఎక్కడికి పోతాను? లేని మిషన్ మీద నేర్చుకుని గడువులోగా పాసవ్వమన్నారు. దీన్ని రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన ఎప్పుడూ టైపు కొట్టి ఉండడు.

అమ్మకు ఒక అన్న ఉండేవాడు. న్యాల్‌కల్ అవతల ఒక పల్లెలో సేద్యం చేసేవాడు. నిజాం కాలంలో బడికి పోయినవాడు కాబట్టి ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. ఉర్దూ పేపరు గడగడా చదివేవాడు, అల్లం అమ్మిన లెక్కలు ఉర్దూలోనే రాసుకునేవాడు. తెలుగు మాట్లాడటమే తప్ప ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. మా వైపు ఆ తరంలో అలాంటివాళ్ళు చాలామంది. అందుకు వాళ్ళేమీ చిన్నబుచ్చుకునేవారు కాదు. బస్సు బోర్డు చదవమని పక్కవాణ్ణి అడగటం వాళ్ళకు బీడీకి నిప్పు అడిగినంత మామూలు.

నాన్న పోయిన రోజు నుంచి మా బరువు తనదేనని మామ తనకు తానే నిర్ణయించుకున్నాడు. నాకు టైపు మిషన్ కావాలన్న మాట అమ్మ ఎప్పుడో ఆయన చెవిన వేసింది. ఒకసారి అల్లం అమ్మటానికి బీదరు పోయినప్పుడు, అక్కడ మూతపడిన ఇన్‌స్టిట్యూట్ సామాను అమ్ముతున్నారని విన్నాడు. వెళ్ళి ఒక పాత మిషన్ కొని, దుప్పట్లో మూటగట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మా గడపలో దించి, చెమట తుడుచుకుని, ఇక నువ్వు పాసైనట్టే అని అమ్మ చేతి నీళ్ళు తాగాడు.

నేను ఆశగా కూర్చుని కాగితం ఎక్కించాను. ఒక్కో మీట కొడుతూ పోయాను. జ బాగానే పడింది, ల బాగానే పడింది. క దగ్గరికి వచ్చేసరికి తలకట్టు ఉండవలసిన చోట అడ్డంగా గీత పడింది. త కూడా అంతే, ర కూడా అంతే. ఆ కాగితం చూస్తుంటే ఎప్పుడో చూసిన మనుషుల్ని దూరం నుంచి చూస్తున్నట్టుంది, అందరూ తెలిసినవాళ్ళే అనిపిస్తారు, దగ్గరికి పోతే ఎవరూ కారు. అది కన్నడం మిషన్.

“మామా, ఇవి కన్నడం అక్షరాలు” అన్నాను.

మామ వంగి కాగితాన్ని చాలాసేపు చూశాడు. “గుండ్రంగ ఉన్నయి గద బిడ్డా. మనయే అనుకున్న.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. నాన్న పోయిన తర్వాత ఆమె నవ్వటం నేను అప్పుడే చూశాను. మామ కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, నెత్తి మీద గడువు ఉన్నది నాకు.

అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. మళ్ళీ దుప్పటి, మళ్ళీ మూట. ఈసారి మిషన్ హైదరాబాదు పోయింది. అక్కడ ఒక మెకానిక్ కన్నడం అచ్చుముక్కలు ఊడదీసి, వాటి చోట తెలుగు అచ్చుముక్కలు టంకం పెట్టి అతికించాడు. జ, ల, బ లాంటివి రెండు భాషల్లోనూ ఒకటేలే అని ముట్టుకోకుండా వదిలేశాడు. మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు అంటించి ఇచ్చాడు. అవి వారం తిరక్కుండానే నా వేళ్ళ చెమటకు రాలిపోయి, కింద నుంచి కన్నడం బయటపడింది.

అసలు రోగం అది కాదు. ఇంగ్లీషు మిషన్‌లో ఏ మీట కొట్టినా కాగితం ఉన్న క్యారేజీ ఒక గడి జరుగుతుంది. తెలుగులో అలా కుదరదు. ఒత్తులు కొట్టినప్పుడు క్యారేజీ కదలకూడదు, కదలకపోతేనే ఒత్తు దాని అక్షరం కింద పడుతుంది. మా మెకానిక్ అచ్చులు మార్చాడు గానీ, కదలకూడని ఒత్తుల మీటల్ని మరిచాడో చాతకాలేదో అలాగే వదిలేశాడు. నేను ఒత్తు కొట్టగానే క్యారేజీ ముందుకు దూకేది. అక్షరం ఒకచోట, దాని ఒత్తు పక్కింట్లో. అందుకని ప్రతి ఒత్తుకూ, ఒక గడి వెనక్కి జరిపే మీటను కుడిచేతి చిటికెన వేలితో కొట్టి, క్యారేజీని వెనక్కి లాగి, అప్పుడు అక్షరం కొట్టాలి. తెలుగులో ఒత్తు లేని మాట వెతుక్కుని కొట్టుకుంటే తప్ప, ఆ చిటికెన వేలికి విశ్రాంతి లేదు.

ఆఫీసు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, ఏ అక్షరం ఏ మీటకో చూపే చార్టు గోడకు ఆనించి కూర్చునేదాన్ని. ఆ మిషన్‌కు రోజుకో వంక. ఒకరోజు రిబ్బను తిరగదు. ఒకరోజు అచ్చుముక్కలుండే పుల్లలు రెండు పైకి లేచి ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. క్యారేజీని లాగే పట్టీ తెగిపోతే, దొరకనిది ఎక్కడ తెస్తానని లంగా నాడా ముక్క కట్టాను, అది కొన్నాళ్ళు బాగానే లాగింది. కుట్టుమిషన్ నూనె పోశాను. కోడి ఈకతో దుమ్ము దులిపాను. దానికి చేసిన సేవ మనిషికి చేసి ఉంటే ఆశీర్వదించేవాడు. అమ్మ రొట్టెలు చేసుకుంటూ ఆ చప్పుడు వినేది, చప్పుడు ఆగిపోతే మళ్ళీ ఏమైందని లోపలి నుంచి అడిగేది. ఏమైందో చెప్పటం కూడా నాకు విసుగ్గా ఉండేది. వీపు గుంజేది, కళ్ళు మండేవి, చిటికెన వేలు పొద్దున్నే ముడుచుకుని ఉండేది. అయినా చివరికి చేతులకు అలవాటైంది. ఒత్తు, వెనక్కి, అక్షరం. ఆలోచించకుండానే వేలు పోయేది.

పరీక్ష సంగారెడ్డిలో జరిగేది. అక్కడ మిషన్ ఇవ్వరు, ఎవరి మిషన్ వాళ్ళు తెచ్చుకోవాలి, లేకపోతే అక్కడి ఇన్‌స్టిట్యూట్‌లో అద్దెకు తీసుకోవాలి. నా బీదరు మిషన్‌ను నమ్మి ఎలా పోతాను? దారిలో నాడా తెగితే? అందుకని మంచి మిషన్ అద్దెకు తీసుకున్నాను. నల్లగా మెరుస్తోంది, ముట్టుకుంటే చాలు వెన్నలా పోతోంది. గంట కొట్టగానే మొదలుపెట్టాను. మొదటి పంక్తి అయ్యాక కాగితం చూసుకుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ మిషన్‌లో ఒత్తుకు క్యారేజీ కదలదు, కదలకూడదు కూడా. నా వేలు మాత్రం కదిలిందనుకుని ప్రతిసారీ వెనక్కి లాగుతోంది. లాగొద్దని వేలికి చెప్పుకుంటే మిగతా వేళ్ళు ఆగిపోతున్నాయి. గంట కొట్టేసరికి సగం కాగితం కూడా కాలేదు.

ఫలితం గురించి చెప్పటానికేమీ లేదు. ఆఫీసులో పెద్ద గుమాస్తా పిలిచి, ఇంకొక్కసారి రాయనిస్తామని, అదే చివరిదని మెల్లగా చెప్పారు. మెల్లగా చెప్పటంతో నాకు ఇంకా భయమేసింది. కసిరితే బాగుండేది.

మామ వచ్చి పరీక్ష ఎందుకు పోయిందని అడిగాడు. అంతా వివరించే ఓపిక నాకు లేదు. మిషన్ పాడుది మామా, అందుకే పోయిందన్నాను. అమ్మ పెట్టిన అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఒకటి నిర్ణయించుకున్నాను. ఈసారి నాడా తెగినా సరే, పుల్లలు పట్టుకున్నా సరే, నా మిషన్‌నే తీసుకుపోతాను. దాని రోగం నాకు తెలుసు, నా చేతులు దానికి తెలుసు. కొత్త నాడా కట్టాను. ఆ నెలల్లో వేగం ఎంత పెరిగిందంటే, వెనక్కి లాగటంతో కలిపి కూడా పరీక్షకిచ్చే సమయంలోపలే కాగితం పూర్తి చేసేదాన్ని. మొదటిసారి కొంచెం నిద్ర పట్టింది.

పరీక్ష బుధవారం. దానికి ముందు శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద మిషన్ లేదు. మీ మామ వచ్చి తీసుకుపోయాడు, నూనె పోయిస్తాడట అంది అమ్మ. రెండు రోజులు నేను ఖాళీ బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున మామ వచ్చాడు. మూట విప్పాడు. మిషన్ కడిగిన ఇత్తడిలా ఉంది. మీటల మీద కొత్త అక్షరాలు, కొత్త రిబ్బను, నాడా స్థానంలో అసలు పట్టీ. హైదరాబాదులో వేరే మెకానిక్‌ను వెతికి, రెండు రోజులు అతని దుకాణం ముందే కూర్చుని చేయించాడట. పరీక్ష పోవటానికి కారణమైన రోగమేదో అదే తీసేయమని అడిగాడట.

“ఇగ ఫికర్ లేదు బిడ్డా” అన్నాడు. “కొట్టి చూడు.”

కొట్టాను. ఒత్తు పడింది, క్యారేజీ కదల్లేదు. నా చిటికెన వేలు తన పని తాను చేసింది. అక్షరం పోయి వెనక అక్షరం మీద పడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. సంగారెడ్డిలో చూసిన కాగితమే మళ్ళీ నా ముందు తయారవుతోంది. మామకు తెలుగు చదవటం రాదు, అందుకని ఆయన కాగితం చూడటం లేదు, నా ముఖం చూస్తున్నాడు. ఆ ముఖాన్ని ఎలా పెట్టుకోవాలో నాకు తెలియలేదు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆయన కాళ్ళ మీద ఎర్రగా పట్టిన బస్టాండు దుమ్ము చూసి రెండూ బయటికి రాలేదు.

ఆఖరికి కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఈ మిషన్ ఎలా తప్పుగా నడిచేదో, ఆ తప్పుకు నా వేళ్ళు ఎలా అలవాటుపడ్డాయో, ఇప్పుడు మూడు రోజుల్లో అది మానుకోవటం ఎందుకు నా వల్ల కాదో. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు.

“అంటే నేను బాగ్జేయించిందే నీకు ఖరాబైంది” అన్నాడు.

“అవు మామా.”

ఆయన లేచి వాకిట్లోకి పోయి బీడీ ముట్టించాడు. అది అయిపోయేదాకా లోపలికి రాలేదు. వచ్చి, ఇంట్లో పట్కార ఉందా అని అడిగాడు. లేదంటే ఎదురుగా ఉన్న సైకిలు దుకాణానికి పోయి అడిగి తెచ్చాడు. మిషన్‌ను పక్కకు పొర్లించి, దాని పొట్ట కిటికీ వైపు తిప్పాడు.

“ఆడు చేస్తుంటె పక్కనే నిలబడి చూసిన. ఎన్క దిక్కు చిన్న కొసలుంటయి, గవి వంచిండు. గవి తాకితే బండి జరుగుతది, తాకకుంటె జరగది. ఏ మీటలో నువ్ జెప్పు, మళ్ళ వంచుత.”

అమ్మ రొట్టెల పీట ముందు నుంచి లేచి వచ్చింది. “ఇదేం పని అన్నా. రెండు దినాలు కూసోని బాగ్జేయించినవ్. మళ్ళ నీ చేతుల్తోని ఖరాబ్ చేస్తవా?”

“మిషన్ బాగుంటె ఏం జేసుకుంటం” అన్నాడు మామ. “బిడ్డ పాస్ గావాలె.”

నేను ఒక్కో మీట నొక్కి పట్టుకుంటే, లోపల లేచిన పుల్లను చూసి దాని కొసను ఆయన పట్కారతో నెమ్మదిగా వెనక్కి వంచేవాడు. తర్వాత కొట్టి చూసేదాన్ని. క్యారేజీ దూకితే సరే, దూకకపోతే మళ్ళీ వంచేవాడు. అరచేతులంత మోటు వేళ్ళు ఆయనవి, అంత సన్నని పని ఎన్నడూ చేసినవి కావు. ఊపిరి బిగబట్టి చేశాడు. ఒక మంచి మిషన్‌ను అంత భయభక్తులతో చెడగొట్టటం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మధ్యాహ్నం అన్నాలు కూడా ఆలస్యంగా తిన్నాం. అన్నీ దారికి వచ్చాయి గానీ, య ఒత్తు దగ్గర కొస పుటుక్కున విరిగింది. ఇక అది ఎన్నటికీ తాకదు. ఆ ఒక్క ఒత్తూ శాశ్వతంగా బాగుపడింది.

మామ విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఫరవాలేదు మామా, ఒక్కటే కదా అన్నాను. ఫరవా ఉందని నాకు తెలుసు. సర్కారు కాగితంలో కార్యాలయం అన్న మాట లేకుండా నాలుగు పంక్తులు దాటవు. మిగతా అన్నిటికీ వెనక్కి లాగాలి, అక్కడ మాత్రం లాగకూడదు. సోమ, మంగళవారాలు ఆ ఒక్క మాటనే కొట్టాను. కార్యాలయం, కార్యాలయం, కార్యాలయం. దేవుడి పేరు కూడా నేను అన్నిసార్లు తలచి ఉండను.

బుధవారం మొదటి బస్సుకు మామే మిషన్ ఎత్తుకున్నాడు. దానికి కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. సంగారెడ్డిలో పరీక్ష జరిగే బడి ముందు పెళ్ళిలాగా జనం. రిక్షాల్లో మిషన్లు, గోనెసంచుల్లో మిషన్లు, చంటిపిల్లల్లాగా తువ్వాళ్ళు చుట్టిన మిషన్లు. మామ నాదాన్ని భుజం మీద మోసుకొచ్చి నా బల్ల మీద దించాడు. పరీక్ష రాయనివాళ్ళు బయటికి పోవాలన్నారు, పోయాడు.

గంట కొట్టాక ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తు లేదు. గదినిండా చప్పుడు. కాగితంలో కార్యాలయం అన్న మాట రానే వచ్చింది, ఒకచోట కాదు, చాలాచోట్ల. వచ్చిన ప్రతిసారీ చిటికెన వేలిని గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. రెండో పుట మధ్యలో చెమట కళ్ళలో పడింది, తుడుచుకోలేదు. అయిపోయింది అన్నప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంటే ఇంకా ఆడుతూనే ఉన్నాయి. తిరుగు బస్సులో మామ ఎలా రాశావని అడగలేదు. కిటికీకి తల ఆనించి సదాశివపేట దాకా నిద్రపోయాను.

ఫలితాలు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. పాసయ్యాను. పెద్ద గుమాస్తా ఈసారి గట్టిగానే చెప్పారు, ఆఫీసంతా వినేలా. అమ్మకు చెప్పి, ఆ ఆదివారమే మామ పల్లెకు పోయాను. ఆయన చేనులో అల్లం మొలకలకు మట్టి ఎగదోస్తున్నాడు. గట్టు మీద నిలబడి, మామా, పాసయిన అని అరిచాను. గంతులు వేస్తాడనుకున్నాను. ఆయన పార ఆపి, నడుం పట్టుకుని లేచాడు.

“గది నాకా దినమే ఎర్క బిడ్డా” అన్నాడు. “బయటికి పొమ్మంటె ఎటు పోత? కిటికీ కింద కూసోని విన్న. అందరియి ఒక్క తీర్గ పోతున్నయి. నీదొక్కటే జర జర ఎన్కకు గుంజుకుంట పోతుండె. గంట గొట్టేదాక ఒక్కపారి గూడ ఆగలే.”

నేను తడి గట్టు మీదే కూర్చుండిపోయాను. నాన్న పోయినప్పటి నుంచి ఆపుకున్న ఏడుపు, ఆ రెండేళ్ళ అలసట, అన్నీ కలిసి వచ్చాయి. మామ నన్ను ఊరుకోమనలేదు. పార పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.